చిన్నమ్మి రిపోర్టు

కామేశాన్ని చెడగొట్టింది గౌరవమే. చీడికాడలో ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసిన ఐదేళ్ళూ అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ఆఫీసరు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ అతను పంతులుగారే. మధ్యాహ్నం ఒంటిగంటకి స్టాఫంతా వెనకగదిలో బల్లలు దగ్గరికి లాక్కుని, ఒకరి కేరేజీలో ఒకరు చెయ్యి పెట్టి తింటుంటే, పంతులుగారికి మాత్రం రికార్డుగదిలో విడిగా కుర్చీ వేసేవారు. చేపల వాసన ఆయనకి పడదని వాళ్ళే అనుకుని, వాళ్ళే తలుపు చేరవేసేవారు. అవతల నవ్వులు వినబడేవి. ఎందుకు నవ్వుతున్నారో తెలిసేది కాదు. ఆ తలుపు చూస్తూ పెరుగన్నం తినేసి, కేరేజీ కడుక్కుని, ఇంటికెళ్ళే చోడవరం బస్సు వేళయ్యేదాకా ఫైళ్ళు ముందేసుకుని కూర్చునేవాడు. ఒక మనిషిని కొట్టకుండా, తిట్టకుండా ఒంటరిని చెయ్యాలంటే ఇంతకన్నా మంచి పద్ధతి ఇంకోటి లేదు. ఒప్పుకోకపోతే మీ ఇష్టం.

ఆ తలుపు తీసినవాడు పరదేశి. ఆఫీసులో అటెండరు. ఒక సంతరోజు కామేశానికి బస్సు తప్పిపోతే బండి మీద దింపుతానని ఎక్కించుకుని, దారిలో తమ ఊరి తాటితోపు దగ్గర ఆపాడు. అక్కడ పరదేశి బావమరుదులూ అన్నదమ్ములూ పదిమంది తాటాకుల మంట చుట్టూ కూర్చుని ఉన్నారు. పందిని కోసి పంచుకుంటున్నారు. పంతులుగారొచ్చారని ఎవరూ లేచి నిలబడలేదు. జరిగి చోటిచ్చారంతే. ఆ చోటులో కూర్చోగానే కామేశానికి కళ్ళు చెమర్చాయంటే నమ్మాలి మరి. ఎవరో కల్లు పోశారు. ఎవరో ఏదో మోటుమాట అన్నారు. దానికి అందరితోపాటు అతనూ నవ్వాడు.

మంట మీద కాలుతున్న ముక్క ఒకటి అందుకోబోతే పరదేశి చెయ్యి పట్టుకున్నాడు.

"ఉడకనియ్యండి బాబూ. మంట మీద పైపైన కాల్తాది గానీ లోపల పచ్చిగుంటాది. మాం ఉప్పూ కారం ఏసి గంటసేపు ఉడికిస్తాం. కూసింత ఆగండి" అన్నాడు.

కామేశం ఆగలేదు. గంట ఆగితే తనకి బుద్ధి వచ్చేస్తుందని అతని భయం. ఆ తరవాత రెండేళ్ళపాటు సంతరోజుల్లో బస్సు తప్పిపోవడం మామూలైపోయింది. కూర ఉడికేదాకా ఉంటే ఇంటికి ఆలస్యమవుతుందని కాల్చిన ముక్కతోనే సరిపెట్టుకుని వచ్చేసేవాడు. రుచి చూశాడా అంటే చూశాడు. కానీ అతను తినడానికి వెళ్ళింది ముక్క కోసం కాదు, నలుగురి మధ్యనా కూర్చుని తినడం కోసం. ఇంట్లో ఈ ముక్క చెబితే ఎవరికి అర్థమవుతుంది?

ఆ రోజుల్లో ఇంటికి రాగానే వీధి గుమ్మం తొక్కకుండా పెరటిదారిన వెళ్ళి, నూతి దగ్గర నెత్తిన నీళ్ళు కుమ్మరించుకుని, తడిపంచెతోనే లోపలికి వచ్చేవాడు. భార్య లక్ష్మీసుందరి మురిసిపోయేది. ఆవిడ హైస్కూల్లో హిందీ పండితురాలు. ఉద్యోగం చేస్తూ కూడా మడి వదలని మనిషి. వాళ్ళుండే శివాలయం వీధిలో ఆ మాట ఆవిడ ఎదటే పదిమందీ అనేవారు. ఆ ఇంట్లో తెల్లారి లేచింది మొదలు నీళ్ళే నీళ్ళు. కాళ్ళకి నీళ్ళు, చేతులకి నీళ్ళు, కంచం చుట్టూ నీళ్ళు. సబ్బు మాత్రం స్నానానికీ బట్టలకీనూ. దొడ్డికి వెళ్ళొచ్చిన చెయ్యి సబ్బుతో రుద్దుకోవాలన్నది ఆ ఇంటి మడిలో ఎక్కడా లేదు.

తరవాత చోడవరానికే బదిలీ అయింది. సంతలు లేవు, తాటితోపు లేదు. పరదేశి అప్పుడప్పుడు ఫోను చేసేవాడు. ఏడాది గడిచాక ఒకరోజు పొద్దున్న కామేశం మరుగుదొడ్లో వంగి చూసి గతుక్కుమన్నాడు. గుమ్మడిగింజంత తెల్లటి ముక్కలు, మూడు నాలుగు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఆఫీసులో తలుపేసుకుని ఫోనులో చదివాడు. చదివిందంతా ఫోనులోంచి చెరిపేశాడు. మెడికల్ షాపులో బిడ్డలకి వేసే పురుగుల మాత్ర ఒకటి కొని మింగాడు. పది రోజులు ఏమీ కనబడలేదు. పోయిందనుకున్నాడు. మళ్ళీ వచ్చింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళచ్చు కదా అంటారు. చోడవరంలో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా కాంపౌండరు చిన్నప్పుడు తనతో చదువుకున్నవాడే అయి ఉంటాడు. అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న ఏం తింటారన్నది. ఆ ప్రశ్నకి భయపడి కామేశం రెండేళ్ళు వాయిదాలు వేశాడు. ఒంట్లో నొప్పి లేదు, జ్వరం లేదు, కాస్త చిక్కాడంతే. దానివల్ల తనకి తప్ప ఇంకెవరికీ నష్టం లేదని అనుకున్నాడు. ఇంకొకళ్ళకి ఎలా అంటుతుందో చెప్పే రెండో సగం కూడా ఆ ఫోనులో ఉంది. సిగ్గుతో అక్కడిదాకా చదవలేదు.

కూతురు ప్రజ్ఞ ఇంటర్ రెండో ఏడు, బైపీసీ. ఆదివారం మధ్యాహ్నం ఆ పిల్ల పుస్తకం పక్కన పెట్టి చెయ్యి చాపుకుని కూర్చునేది. కామేశం వేడన్నంలో ఆవకాయ, పప్పు, ఇంత నెయ్యి వేసి, చేత్తో బాగా కలిపి, ముద్దలు చేసి ఆ చేతిలో పెట్టేవాడు. పదిహేడేళ్ళొచ్చినా ఈ ముచ్చటేమిటని లక్ష్మీసుందరి విసుక్కునేది. వారం మొత్తంలో ఆ ఇంట్లో కామేశానికి తాను ఒకరికి కావలసిన మనిషినని అనిపించేది ఆ అరగంటే.

ఒక సాయంత్రం ఫిజిక్స్ లెక్క చేస్తూ చేస్తూ ప్రజ్ఞ చేతిలోంచి పెన్ను జారిపోయింది. నోరు ఒక పక్కకి లాగేసింది. కుర్చీలోంచి కిందపడి కొట్టుకుంది. విశాఖపట్నం తీసుకెళ్తే మెదడు స్కానింగులో ఒక తెల్లటి చుక్క కనబడింది. న్యూరాలజిస్టు చిన్న వయసు మనిషి. నెమ్మదిగా చెప్పాడు. అది బద్దెపురుగు పిల్ల అన్నాడు. మందులతో పోతుంది, కంగారు లేదన్నాడు. పందిమాంసం తింటారా అని అడిగాడు.

లక్ష్మీసుందరికి ఒళ్ళు మండిపోయింది. చాతుర్మాస్యం నాలుగు నెలలూ ఉల్లిపాయ కూడా ముట్టని కొంప మాదని చెప్పింది. డాక్టరు తలూపాడు. ఇలాంటి ఇళ్ళలోనూ చూస్తుంటామన్నాడు. సరిగ్గా ఉడకని ముక్క తిన్నవాడి కడుపులో పురుగు పెరుగుతుంది, వాడికి పెద్దగా ఏమీ అవదు. వాడి దొడ్లోంచి గుడ్లు బయటికి వస్తాయి. చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా వాడు ముట్టుకున్న తిండి ఇంకొకళ్ళు తింటే, ఆ రెండో మనిషికి ఇదిగో ఇలా తలలోకి ఎక్కుతుంది. మీ ఇంట్లో తిండి ముట్టుకునే వాళ్ళందరికీ మలపరీక్ష చేయించండి, ఆ మనిషెవరో తెలియాలి అన్నాడు.

కామేశం తన కుడిచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని మీద ఎడమచెయ్యి వేసుకున్నాడు. ఇప్పుడే చెప్పెయ్యాలనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. పక్కన ప్రజ్ఞ, మందుల మత్తులో, అతని భుజం మీద తల ఆనించి ఉంది. ఫీజు ఎక్కడ కట్టాలని అడిగి ఊరుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో సబ్బవరం దాటాక లక్ష్మీసుందరి ఒకటే మాట అంది. "ఇంకెవరండీ. చిన్నమ్మే."

చిన్నమ్మి పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో పనిచేస్తోంది. మొగుడు పోయిన మనిషి, పిల్లల్లేరు. బుచ్చయ్యపేట దగ్గర పల్లెలో పుట్టి, ఊరి చివర కాలనీలో గది అద్దెకి తీసుకుని ఒక్కర్తే ఉంటుంది. గిన్నెలు తోముతుంది, బట్టలు ఉతుకుతుంది, బాత్రూములు కడుగుతుంది. లక్ష్మీసుందరికి స్పెషల్ క్లాసులున్న రోజుల్లో పెరటి అరుగు మీద కూర్చుని కూరలు కూడా తరుగుతుంది. ప్రజ్ఞని ఆరేళ్ళప్పటినుంచీ స్కూలు రిక్షా దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది ఆవిడే. పక్కింటి మంగాయమ్మగారింట్లో, ఆ పైన ఇంకో మూడిళ్ళలో కూడా చేస్తుంది. మాట పడే మనిషి కాదు. ఒక మాటంటే రెండంటుంది.

రెండు రోజుల తరవాత కామేశం ఆఫీసుపని అని చెప్పి అనకాపల్లి వెళ్ళాడు. తెలియని డాక్టరుకి తెలియని పేరు చెప్పి, ఉన్నదంతా చెప్పాడు. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పుకోని సంగతి అబద్ధం పేరుతో చెప్పుకోవలసి వచ్చింది. ఆయన మాత్రలిచ్చాడు, విరేచనాలకి మందిచ్చాడు. పురుగు పోయింది. ఇంట్లోవాళ్ళ పరీక్షలు మాత్రం కామేశం ఏవో సాకులతో వెనక్కి జరిపాడు. మూడు వారాల తరవాత ఇంట్లో అందరూ లేబొరేటరీకి డబ్బాలు ఇచ్చేసరికి కామేశం కడుపు అద్దంలా ఉంది. చిన్నమ్మి సిగ్గుతో చచ్చిపోతూ తన డబ్బాని పేపర్లో చుట్టి, దానిపైన కొంగు కప్పి తెచ్చి ఇచ్చింది.

రిపోర్టులు కామేశమే వెళ్ళి తెచ్చాడు. లేబొరేటరీ నడిపే ప్రేమ్‌కుమార్ కాగితాలు చేతిలో పెడుతూ, మీ ముగ్గురికీ ఏమీ లేదండీ, పనమ్మాయికి మాత్రం కొంకిపురుగు గుడ్లు కనబడ్డాయన్నాడు. ఇది వేరేదన్నాడు. చెప్పుల్లేకుండా పొలాల్లో తిరిగేవాళ్ళకి అరికాళ్ళలోంచి ఎక్కి రక్తం తాగుతుంది తప్ప ఒకళ్ళనుంచి ఇంకొకళ్ళ మెదడులోకి వెళ్ళే రకం కాదన్నాడు. ఒక్క మాత్రతో పోతుంది, రక్తం తక్కువగా ఉంటుంది పాపం, ఇప్పించండి అన్నాడు. కామేశం పక్క షాపులో ఆ మాత్ర కొన్నాడు. చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి లక్ష్మీసుందరి హాల్లో నిలబడి ఉంది. ప్రజ్ఞ సోఫాలో పడుకుని ఉంది. పెరటి గుమ్మం తెరిచే ఉంది, అక్కడ చిన్నమ్మి గిన్నెలు తోముతోంది.

"చిన్నమ్మి దాంట్లో పురుగు గుడ్లు ఉన్నాయా, లేవా?" అనడిగింది లక్ష్మీసుందరి.

పురుగుల్లో రకాలున్నాయని చెప్పడానికి ఆ ఇంట్లో తెలిసినవాడు అతనొక్కడే. చెబితే మరి ఆ మొదటి రకం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది.

"ఉన్నాయి" అన్నాడు కామేశం.

అబద్ధం చెప్పలేదు. కోర్టులో నిలబెట్టినా ఆ మాట నిలుస్తుంది. మనిషి ఎంత నీచానికి దిగాలన్నా ఇలాంటి నిజం ఒకటి చేతిలో ఉంటే చాలు, మెట్లు మెట్లుగా హాయిగా దిగిపోవచ్చు. పెరట్లో గిన్నెల చప్పుడు ఆగింది. చిన్నమ్మి గుమ్మంలోకి వచ్చి కామేశంకేసి చూసింది. తరవాత సోఫాలో ఉన్న పిల్లకేసి చూసింది. ఒక మాటంటే రెండనే మనిషి ఒక్కటీ అనలేదు. రేపట్నుంచి రావద్దని లక్ష్మీసుందరి చెప్పడం కూడా పూర్తి కాకుండానే వెళ్ళి చేతులు కడుక్కుంది. పాపకి మందులు మానిపించకండమ్మా అని మాత్రం అని, పెరటి తలుపు చేరవేసి వెళ్ళిపోయింది. సాయంత్రానికి మంగాయమ్మగారికి తెలిసింది. ఆవిడకి తెలిస్తే వీధికి తెలిసినట్టే. వారంలో చిన్నమ్మికి ఐదిళ్ళూ పోయాయి. కాలనీలో గది ఖాళీ చేసి, బుచ్చయ్యపేట దగ్గర చెల్లెలి ఊరికి చెరుకు పనికి పోయిందని ఎవరో అన్నారు. మాత్ర జేబులోనే ఉండిపోయింది. చొక్కా ఉతికేటప్పుడు కామేశం దాన్ని తీసి ఫ్రిజ్ మీద పెట్టాడు. దులిపేటప్పుడల్లా ఇదేమిటని లక్ష్మీసుందరి అడుగుతుందేమోనని భయపడ్డాడు. ఆవిడ అడగలేదు.

ప్రజ్ఞకి నెమ్మదించింది. ఆదివారాలు వచ్చేవి. వేలు నొప్పిగా ఉందని ఒకసారి, ఆఫీసు పనుందని ఒకసారి కామేశం ముద్దలు తప్పించేశాడు. ఆ పిల్ల చాపిన చెయ్యి వెనక్కి తీసుకునేది. అతను మాత్రం రోజుకి పదిసార్లు సబ్బుతో చేతులు రుద్దుకుని రుద్దుకుని వేళ్ళ సందుల్లో తోలు లేపుకున్నాడు. పరదేశి ఫోను చేస్తే ఎత్తడం మానేశాడు. చెప్పుకోవడానికి మనిషి కావాలి, మనిషికి చెబితే బతకలేను, ఇదీ అతని పరిస్థితి. గోవాడ షుగర్ ఫ్యాక్టరీ వైపు చెరుకు ట్రాక్టర్లు వెళ్తుంటే అరుగు మీద కూర్చుని లెక్కపెట్టేవాడు. వాటి వెనక మోపుల మీద కూర్చున్న ఆడవాళ్ళ ముఖాలు చూసేవాడు. చిన్నమ్మి ఎప్పుడూ కనబడలేదు. కనబడితే లోపలికి వెళ్ళిపోదామని కూడా అనుకునేవాడు.

నాలుగు నెలల తరవాత ఒక ఆదివారం భోజనాల దగ్గర ప్రజ్ఞ జువాలజీ పుస్తకం తెచ్చి తల్లి ముందు పెట్టింది. కొంకిపురుగు వేరు, బద్దెపురుగు వేరమ్మా అంది. చిన్నమ్మికి ఉన్నది కొంకిపురుగు, రిపోర్టు నేను చూశాను, దానివల్ల నాకు రాదు అంది. లక్ష్మీసుందరి ముందు కసిరింది, తరవాత బొమ్మ చూసింది. మరి ఎలా వచ్చిందే అంది. దానికి ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

"నావల్లేనమ్మా. కాలేజీ నుంచి వస్తూ బస్టాండు దగ్గర పానీపూరీ తినేదాన్ని. నువ్వు వద్దంటావని చెప్పలేదు. ఆ బండివాడి చెయ్యే అయ్యుంటుంది. నా తప్పుకి చిన్నమ్మిని పంపించేశాం."

ఐదిళ్ళ పని పోయిన చిన్నమ్మిని కామేశం భరించాడు. ఈ ఏడుపు భరించలేకపోయాడు. మనిషి స్వార్థం అలాంటిది, తనదాకా వస్తే గాని కదలదు. కంచం ముందునుంచి లేచి నిలబడ్డాడు.

"పానీపూరీ కాదమ్మా. అది నా కడుపులో ఉండేది. చీడికాడలో పందిమాంసం తిన్నాను. పురుగుందని తెలిసి కూడా దాచేను. నీకు నా చేతిలోంచి వచ్చింది" అన్నాడు.

లక్ష్మీసుందరి అతనికేసి చూడలేదు. తింటున్న కంచం తీసుకెళ్ళి పెరట్లో కుమ్మరించి వచ్చింది. చాలాసేపయ్యాక మంచినీళ్ళు తాగి, ఈ మాట ఈ గడప దాటకూడదంది. పెళ్ళి కావలసిన పిల్ల ఉందంది, చిన్నమ్మి ఎలాగూ వెళ్ళిపోయింది కదా అంది. ప్రజ్ఞ పుస్తకం మూసి గదిలోకి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న చూస్తే బాత్రూములో గూట్లో ఆ పిల్ల బ్రష్షు, పేస్టు, సబ్బు లేవు. తన గదిలోకి పట్టుకుపోయింది. నీళ్ళచెంబు కూడా విడిగా పెట్టుకుంది. కామేశం ఆ ఖాళీ గూడు చూస్తూ నిలబడ్డాడు. ఇంక పోగొట్టుకోవడానికి ఏమీ లేదు కదా అనిపించింది. ఆ ధైర్యంతోనే మంగాయమ్మగారింటికి వెళ్ళాడు.

ఆవిడ అరుగు మీద ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కూర్చుని ఉంది. రండి పంతులుగారూ అని కుర్చీ వేయించబోయింది. కామేశం నిలబడే చెప్పాడు. ఆ పురుగు నాదండి, చిన్నమ్మిది కాదు, ఆవిడకున్నది వేరు, పాపకి నా వల్ల వచ్చింది, తప్పు నాదని మీ అందరికీ తెలియాలి అన్నాడు. పందిమాంసం సంగతి కూడా దాచలేదు. మంగాయమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుర్చీ తెస్తున్న కోడలు దాన్ని గుమ్మంలోనే పట్టుకుని నిలబడిపోయింది. మిగతా మూడిళ్ళకీ కూడా వెళ్ళి అదే మాట చెప్పాడు. మూడో ఇంటికి వెళ్ళేసరికి సంగతి అతనికన్నా ముందే వెళ్ళిపోయింది. తలుపు తియ్యకుండా కిటికీలోంచే సరేనన్నారు.

ఒళ్ళు తేలికైంది. అవమానంలో ఇంత సుఖం ఉంటుందని అతనికి తెలియదు. ఫ్రిజ్ మీది మాత్ర జేబులో వేసుకుని, ఆఫీసుకి సెలవు పెట్టి, బుచ్చయ్యపేట బస్సెక్కాడు. చిన్నమ్మి కాళ్ళు పట్టుకున్నా తప్పులేదనుకున్నాడు. నీ పేరు నీకు తెచ్చిచ్చానని చెబుతాడు. ఐదిళ్ళ వాళ్ళూ మళ్ళీ రమ్మంటారు. ప్రజ్ఞ సంతోషిస్తుంది. బస్సులో అరగంటసేపు ఇవే ఆలోచనలు, కిటికీ పక్కన కూర్చుని తనలో తనే మాట్లాడుకున్నాడు.

చెల్లెలి ఇంటి దగ్గర అడిగితే పొలం చూపించారు. సగం నరికిన చెరుకుతోటలో పదిమంది ఆడవాళ్ళు మోపులు కడుతున్నారు. చిన్నమ్మి చివర్న ఉంది. సగమైపోయింది. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కాళ్ళకి చెప్పుల్లేవు. కామేశాన్ని చూసి కొడవలి పక్కన పెట్టి, మొట్టమొదట పాపకెలాగుందని అడిగింది. మూర్ఛ మళ్ళీ రాలేదని, ఇంకో రెండేళ్ళు మందులు వాడాలన్నారని చెప్పాడు. మాత్ర ఇచ్చాడు. ఇది నాలుగు నెలల క్రితమే నీకివ్వాల్సిందని, దీంతో నీరసం పోతుందని చెప్పాడు. ఆవిడ దాన్ని చూసింది, నోట్లో వేసుకుని నమిలింది, బిందెలోంచి నీళ్ళు వంచుకుని తాగింది. మళ్ళీ మోపు కట్టడంలో పడింది.

కామేశం గట్టు మీద కూర్చుని, తల వంచుకుని, పురుగు తనదేనని చెప్పాడు.

"నాకెరికే" అంది చిన్నమ్మి.

ఆవిడకి సరిగ్గా వినబడలేదనుకుని అతను మళ్ళీ చెప్పబోయాడు.

"ఎరికే బాబూ. మీ లుంగీలుతికింది నాను, బాత్రూం కడిగింది నాను. రెండేళ్ళ కాడ్నించి సూస్తన్నాను. మాయమ్మకీ అదే ఉండేది. డాట్రు కాడికెళ్ళండి, సిక్కిపోతన్నారని మూడుసార్లు సెప్పేను. మీరు కసిరేసేరు."

కామేశానికి గుర్తొచ్చింది. నిజంగానే మూడుసార్లు చెప్పింది. పనిమనిషికి నా ఒంటి సంగతెందుకని విసుక్కున్నాడు.

"అయితే ఆవేళ ఎందుకు ఊరుకున్నావు? నేను ఉన్నాయి అన్నప్పుడు నువ్వు చెప్పచ్చు కదా?"

చిన్నమ్మి చెరుకాకు మెలిపెట్టి మోపు చుట్టూ బిగించింది.

"కోపం రాలేదనుకోకండి. ఆ మాటన్నారు సూడండి, మీ మొకాన ఉమ్ముదుమనిపించింది. పాప ఆడే పడుకునున్నాది. నాన్న వల్లొచ్చిందంటే ఆ గుంట మరింక మిమ్మల్ని దగ్గరికి రానిస్తాదా? అమ్మగారెలాగూ మీతో ఊసాడరు. ఆపీసులో మీకెవులూ లేరు. ఆ గుంటొక్కర్తేగదా మీకు. నామీద అసయ్యం ఏస్తే దానికొచ్చిన లోటేటి? నాను కాపోతే ఇంకోర్తి పనికొస్తాది. నాన్న ఇంకోడు రాడు. అందుకని నోరు మూసుకుని వచ్చేసేను."

చెరుకుతోటలో ఎండ నిండుగా ఉంది. ఎవరో ఆడమనిషి అవతల దగ్గుతోంది. తన ఇంట్లో తానెంత ఒంటరివాడో ఒక మనిషి పదకొండేళ్ళుగా చూస్తోందని కామేశానికి అప్పుడే తెలిసింది. తాను తెచ్చిన కబురు చెప్పాడు. అమ్మగారికి చెప్పేను, పాపకి చెప్పేను, మంగాయమ్మగారికీ మిగతా ఇళ్ళకీ స్వయంగా వెళ్ళి చెప్పేను, నీ మీద మచ్చ లేదు, వచ్చెయ్యి చిన్నమ్మీ అన్నాడు.

చిన్నమ్మి చేతులు ఆగిపోయాయి.

"పాపకి కూడా సెప్పీసినారా?"

"చెప్పేను."

"ఏటన్నాదీ?"

ఖాళీ గూడు సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఏమీ అనలేదని చెప్పాడు. చిన్నమ్మి అతని ముఖంలోకి చూసింది. చూసినంతసేపూ ఆ మిగతాదంతా చదువుకుంది.

"మరి నాను మాటెందుకు పడ్డాను బాబూ?" అని అడిగింది.

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుని అడిగింది. మేస్త్రీ కేకవేశాడు. పక్కనున్న మనిషి సాయం పడితే చిన్నమ్మి మోపు నెత్తికెత్తుకుంది. పనికి మరి రానని, పాపని జాగర్తగా చూసుకోమని చెప్పింది.

ఈ సంగతి లోకంలో తనొక్కడికే తెలుసనుకుని ఇన్నాళ్ళూ కుమిలిపోయాడు. తెలిసిన మనిషి ఒకర్తి తన పెరట్లోనే, తన పక్షానే ఉండేది. ఆ మనిషి ఇప్పుడు చెరుకు మోళ్ళ మీంచి ఉత్త కాళ్ళతో ట్రాక్టరు వైపు నడిచి వెళ్ళిపోయింది.